బొమ్మల కథ కొనేముందు బెలూన్లు మూసి చూడండి

జనవరి మొదటి ఆదివారం మా అక్క పిల్లలిద్దరూ గుంటూరులో పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వచ్చేస్తారు. పుస్తకాల పండగకు వాళ్లను తీసుకెళ్లడం నా పని. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, చిన్నవాడు ఆరో తరగతి. ఇద్దరి చేతుల్లో తలా కొంత డబ్బు పెట్టి, ఎవరికి నచ్చింది వాళ్లను కొనుక్కోమంటాను. రెండు గంటలు తిరిగాక ముగ్గురం కామిక్స్ స్టాల్ దగ్గర తేలతాం.

ఆ స్టాల్ దగ్గర ఏటా నాకు కనిపించేది ఒకటే. పిల్లాడి చేతిలో డ్రాగన్ బొమ్మ ఉన్న లావుపాటి ఫాంటసీ పుస్తకం ఉంటుంది. తండ్రి చేతిలో ఏదో ఇంగ్లీషు క్లాసిక్‌ను బొమ్మల్లోకి మార్చిన పుస్తకం ఉంటుంది. "అది వద్దురా, ఇది తీసుకో. ఒక మంచి నవల చదివినట్టయినా ఉంటుంది" అంటాడు తండ్రి. పిల్లాడి మొహం వాడిపోతుంది. ఆ తండ్రిని నేను తప్పు పట్టను. మొదట్లో నేనూ అలాగే కొన్నాను. అప్పుడు కొన్న క్లాసిక్కుల్లో సగం మా అక్క ఇంట్లో అట్ట కూడా నలగకుండా కొత్తగా ఉన్నాయి. మావాడు అడిగిన డ్రాగన్ పుస్తకానికి మాత్రం అట్ట ఊడిపోతే ప్లాస్టర్ వేసి అతికించాం.

ఆరేడేళ్లుగా కొంటూ, చదువుతూ, చదివిస్తూ నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఎవరికి ఏది కొనాలో తేల్చుకోలేక స్టాల్ ముందు నిలబడే వాళ్లకు పనికొస్తుందని.

ముందు ఒక చిన్న పరీక్ష

పుస్తకం పేరూ, అట్టా చూసి నిర్ణయానికి రాకండి. అట్ట మీద బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటుంది, మొదటి నాలుగు పేజీలు కూడా శ్రద్ధగా గీస్తారు. సరిగ్గా మధ్యలో తెరవండి. ఒక పేజీలో మాటల బెలూన్లనూ, కథ చెప్పే పెట్టెలనూ అరచేత్తో మూసేయండి. ఇప్పుడు ఆ గడులు వరసగా చూస్తే ఏం జరుగుతోందో తెలుస్తోందా? ఎవరు భయపడుతున్నారు, ఎవరు అబద్ధం చెబుతున్నారు, ఎవరు ఎటు వెళ్తున్నారు, ఇందులో సగమైనా అర్థమైతే అది బొమ్మలతో చెప్పిన కథ. ఏమీ అర్థం కాకుండా వరసగా నిలబడి మాట్లాడుకుంటున్న మనుషులే కనిపిస్తే, అది కుదించిన నవలకు బొమ్మలు అతికించిన పుస్తకం. అలాంటిది కొనేకంటే అసలు నవలే కొనిపెట్టడం మేలు.

ఈ విద్య మనకు కొత్తది కాదు. గుంటూరుకు దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న అమరావతి స్తూపపు శిల్పాల్లో నలగిరి ఏనుగు కథ ఒకటుంది. ఆ శిల్పం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. బుద్ధుడి మీదకు మదపుటేనుగును వదిలిన కథ అది. గుండ్రటి రాతి పలక మీద ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క వీధిలో మనుషులను చిందరవందర చేస్తూ, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వాలిపోయి. పైన మేడల మీంచి జనం తొంగి చూస్తుంటారు. కింద రాసిన మాట ఒక్కటీ లేకపోయినా, ఎడమ నుంచి కుడికి కళ్లు జరిపితే చాలు, కోపం శాంతించడం కనిపిస్తుంది. రెండు ఏనుగుల మధ్య ఏం జరిగిందో చూసేవాడి మనసే పూరించుకుంటుంది. కామిక్స్‌లో రెండు గడుల మధ్య ఖాళీ చేసే పని కూడా అదే. మన పక్క ఊళ్లో పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే రాతి మీద ఆ పని చేశారు. పిల్లలకు ఆ శిల్పం ఫోటో చూపించాకే నేను ఈ పరీక్ష నేర్పాను.

పుస్తకమంటే పారిపోయే పిల్లలకు ఫాంటసీ

మావాడు చదవడు. అంటే మూడేళ్ల కిందటి వరకు చదివేవాడు కాదు. అలాంటి పిల్లల కోసమైతే క్లాసిక్కుల జోలికి వెళ్లకుండా సొంత కథ ఉన్న ఫాంటసీ కొనమంటాను. అందులో కూడా ఎక్కువమంది తేల్చుకోలేకపోయేది 'బోన్', 'ఆమ్యులెట్' అనే రెండు వరసల మధ్య. రెండూ తొమ్మిదేసి సంపుటాలు. రెండూ పెద్ద పుస్తకాల స్టాళ్లలో కనబడతాయి, ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి.

'బోన్' గీసిందీ రాసిందీ జెఫ్ స్మిత్. 1991లో మొదలుపెట్టి 2004లో ముగించాడు. మొదట నలుపు తెలుపులో సొంతంగా అచ్చేసుకున్నాడు, తర్వాత రంగుల్లో వచ్చింది. తెల్లగా, గుండ్రంగా, పెద్ద ముక్కులతో ఉండే ముగ్గురు అన్నదమ్ముల పిల్లలు. వాళ్లలో ఒకడి దురాశ వల్ల ముగ్గురూ ఊళ్లోంచి గెంటివేయబడి ఎడారిలో దారి తప్పుతారు. అక్కడి నుంచి ఒక లోయలోకి చేరతారు. మొదటి సంపుటం దాదాపు హాస్యం. రెండోదాంట్లో ఒక ముసలావిడ ఆవులతో పోటీగా పరుగెడుతుంది. నాలుగో సంపుటానికి వచ్చేసరికి కథ చిక్కబడుతుంది, రాజ్యాలూ యుద్ధాలూ వస్తాయి. పిల్లలు నవ్వుతూ నవ్వుతూ ఒక పెద్ద కథలోకి దిగిపోతారు.

మావాడిని పట్టేసుకున్నది మొదటి సంపుటంలోని ఒక్క దృశ్యం. చలికాలం వస్తుంది. మంచు రేకులు రేకులుగా రాలదు. ఆకాశంలోంచి దుప్పటి జారిపడ్డట్టు మొత్తం ఒక్కసారిగా ధబ్బున పడిపోతుంది. ముందు గడిలో నేల, తర్వాతి గడిలో తెలుపు. అంతే. వాడు పకపకా నవ్వి, వెనక్కి తిప్పి మళ్లీ చూసి, "పిన్నీ, ఇది చూడు" అని నన్ను లాక్కెళ్లాడు. జీవితంలో మంచు చూడని గుంటూరు పిల్లాడు మంచు గురించి నవ్వాడు. ఆ రోజు రాత్రికే పుస్తకం అయిపోయింది.

'ఆమ్యులెట్' కజు కిబుయిషిది. 2008లో మొదటి సంపుటం వచ్చింది, 2024లో తొమ్మిదోదానితో ముగిసింది. ఇందులో హాస్యం తక్కువ, వేగం ఎక్కువ. ముత్తాత ఇంట్లో దొరికిన ఒక రాయి, తల్లిని ఎత్తుకుపోయే వింత జీవి, నడిచే ఇళ్లు, రోబోలు. రంగులు సినిమాలాగా మెరుస్తాయి. బెలూన్లు మూసి చూస్తే ఒక్క పేజీ కూడా తడబడదు. సినిమాలూ వీడియో గేములూ తప్ప ఇంకేమీ పట్టని పిల్లలకు ఇది 'బోన్' కన్నా త్వరగా ఎక్కుతుంది.

కానీ ఒక మాట ముందే చెప్పాలి. 'ఆమ్యులెట్' మొదలయ్యేదే కారు ప్రమాదంతో. తండ్రి చనిపోతాడు, పిల్ల కళ్లెదుటే. ఇంట్లో ఈ మధ్య అలాంటి కష్టం వచ్చిన పిల్లల చేతికి ఇది ఇవ్వకండి, లేదా పక్కన కూర్చుని చదవండి. అట్ట చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదు. మా అక్క స్నేహితురాలి బిడ్డకు నేను తెలియక ఇచ్చాను, ఆ పిల్ల రెండు రోజులు ముభావంగా ఉండిపోయింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

రెంటిలో ఒకటే చెప్పమంటే 'బోన్' అంటాను. కారణం, అది రెండోసారి చదివినప్పుడు పెరుగుతుంది. నవ్వించే పాత్ర భయపెట్టడం, భయపెట్టే ఎలుక రాకాసులు నవ్వించడం, ఇవి రెండో చదువులో బాగా తెలుస్తాయి. పైగా ఆ ముగ్గురిలో ఒకడైన ఫోన్ బోన్ ఎక్కడికి వెళ్లినా సంచిలో 'మోబీ డిక్' నవల మోసుకెళ్తాడు. చదివి వినిపిస్తే అందరూ నిద్రపోతారు! మావాడు "మోబీ డిక్ అంటే ఏంటి పిన్నీ?" అని అడిగాడు. వాణ్ని కూర్చోబెట్టి ఏ క్లాసిక్ బొమ్మల పుస్తకం చదివించినా ఆ ప్రశ్న వచ్చేది కాదేమో.

ఇంగ్లీషు క్లాసిక్కులు: ఏవి బొమ్మల్లోకి వస్తాయి, ఏవి రావు

క్లాసిక్కులను కామిక్స్ చేయడం పాత అలవాటే. అమెరికాలో ఆల్బర్ట్ కాంటర్ అనే ప్రచురణకర్త 1941లో 'త్రీ మస్కటీర్స్'తో ఆ వరస మొదలుపెట్టాడు. పిల్లలు ఎలాగూ కామిక్స్ చదువుతున్నారు, వాటితోనే పెద్ద పుస్తకాల దగ్గరకు తీసుకొద్దాం అన్నది ఆయన ఆలోచన. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా దొరికేవి ఢిల్లీ నుంచి వచ్చే క్యాంప్‌ఫైర్ పుస్తకాలు. ఒక్కోటి వంద పేజీలకు అటూఇటూ ఉంటుంది. ధర అందుబాటులో ఉంటుంది, కాగితం బాగుంటుంది. స్కూలు లైబ్రరీలకు సరిగ్గా సరిపోతాయి.

ఏది కొనాలన్నది అసలు నవల ఎలాంటిదో దాన్నిబట్టి ఉంటుంది. ప్రయాణం, సముద్రం, దొంగలు, వింత లోకం ఉన్న కథ బొమ్మల్లోకి హాయిగా దిగుతుంది. 'ట్రెజర్ ఐలాండ్', 'టైమ్ మెషీన్' లాంటివి అందుకే నష్టపోవు. వాటిని వంద పేజీల్లో చెప్పినా ఓడ ఓడే, దీవి దీవే. రచయిత గొంతు మీద నడిచే నవలల సంగతి వేరు. డికెన్స్ వాక్యం తీసేస్తే 'ఆలివర్ ట్విస్ట్'లో మిగిలేది ఒక అనాథ పిల్లాడి కష్టాల పట్టిక. 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' అంతా మాటల గారడీ. బెలూన్లలో ఇరికిస్తే ఆ గారడీ ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ రెంటినీ బొమ్మల్లో కొనకండి, పిల్లలకు అసలు పుస్తకమే చదివి వినిపించండి.

'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' లాంటివి కూడా బొమ్మల్లో కష్టమే అనుకున్నాను. మాంగా క్లాసిక్స్ వాళ్ల పుస్తకం చూశాక నా అభిప్రాయం మారింది. మాంగా అంటే జపాన్ కామిక్స్. ఆ పద్ధతిలో కళ్లు, కనుబొమలు, తల తిప్పుకోవడం, చెంపల మీద ఎరుపు, వీటికి పేజీలకు పేజీలు ఇస్తారు. గదిలో నలుగురు మర్యాదగా మాట్లాడుకుంటూ లోపల కుతకుత ఉడికిపోయే కథకు ఆ పద్ధతి భలే కుదిరింది. మా పెద్దమ్మాయి దాన్ని రెండు రోజుల్లో చదివేసింది. ఒక్కటే జాగ్రత్త, ఇవి కుడి నుంచి ఎడమకు చదవాలి. మనం చివరి అట్ట అనుకునేదే మొదటి అట్ట. మా అక్క చూసి "బైండింగ్ తిరగేసి కుట్టారు, మార్పించుకురా" అని నా మీదే కేకలేసింది.

ఫాంటసీ, క్లాసిక్ రెండూ ఒకేచోట కావాలంటే మూడు పుస్తకాలు నా మనసుకు దగ్గరివి. పాత గ్రీకు ఇతిహాసం 'ఒడిస్సీ'ని గారెత్ హైండ్స్ గీశాడు, 2010లో వచ్చింది. అంతా నీటిరంగులే. సముద్రం ఒక్కో అధ్యాయంలో ఒక్కో రంగు. ఒంటికన్ను రాక్షసుడి గుహలో చీకటిని ఎంత ఓపిగ్గా పరిచాడో చూసి తీరాలి. గుహలో ఉన్నంతసేపూ మనమూ లోపలే ఇరుక్కున్నట్టు ఉంటుంది. మహాభారతం వింటూ పెరిగిన మన పిల్లలకు ఇది పరాయి కథలా అనిపించదు. ఇరవై ఏళ్ల తర్వాత మారువేషంలో ఇంటికొచ్చిన రాజు, ఎవరూ ఎక్కుపెట్టలేని విల్లు అనగానే మావాడు "అర్జునుడిలాగా" అన్నాడు. విరాటరాజు కొలువూ, ద్రౌపదీ స్వయంవరమూ వాడికి ఒక్కసారే గుర్తొచ్చాయి.

రెండోది హోప్ లార్సన్ చేసిన 'ఎ రింకిల్ ఇన్ టైమ్'. 1962 నాటి నవలను 2012లో బొమ్మల్లోకి తెచ్చింది. నలుపు, నీలం, ఈ రెండే రంగులు. తొందరపడి కుదించలేదు, నాలుగు వందల పేజీలకు దగ్గరగా ఉంటుంది. కోపిష్టి, కళ్లజోడు పిల్ల మెగ్ తండ్రిని వెతుక్కుంటూ లోకాలు దాటుతుంది. మా పెద్దమ్మాయి ఇది పూర్తి చేసిన మర్నాడే అసలు నవల అడిగింది. బొమ్మల పుస్తకం ఆ పని చేయగలదని నేను కళ్లారా చూసింది ఒక్కసారే, అది ఈ పుస్తకంతోనే.

మూడోది టోల్కీన్ ఫాంటసీ నవల 'హాబిట్'. డేవిడ్ వెంజెల్ బొమ్మలు, 1989 నాటిది. చిత్రాలు అద్భుతం, కానీ కథ చెప్పే పెట్టెలు చాలా ఎక్కువ. నా పరీక్షలో సగం మార్కులే వస్తాయి. అయినా కొనమంటాను, ఎందుకంటే ఇది బిగ్గరగా చదివి వినిపించడానికి సరిగ్గా సరిపోయింది. పెద్దవాళ్లు పెట్టెలు చదువుతుంటే పిల్లలు బొమ్మలు చూస్తారు. కరెంటు పోయిన రాత్రి అరుగు మీద కూర్చుని కథ చెప్పించుకున్న వాళ్లకు ఆ సుఖం తెలుసు.

మన పురాణాలు: అమర చిత్ర కథ, ఆ తర్వాత

అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన అమర చిత్ర కథ లేని మధ్యతరగతి ఇల్లు మా తరంలో తక్కువ. ఆ వరసలో మొదటి పది సంచికలు విదేశీ అద్భుత కథలు. మన కృష్ణుడు పదకొండో నంబరుతో వచ్చాడు. నా దగ్గరున్న పాత సంచికల్లో చాలావరకు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల వాళ్ల దగ్గర ఏరుకున్నవే. కొన్నింటి మీద ఎవరో పిల్లలు పెన్నుతో రాక్షసులకు మీసాలు దిద్దారు.

నా పరీక్షలో వీటికి మంచి మార్కులు రావు. 32 పేజీల్లో ఒక జీవితం మొత్తం చెప్పాలి కాబట్టి పెట్టెలు పరుగెడుతుంటాయి, బొమ్మలు ఆ పరుగును అందుకోవడానికి ఆపసోపాలు పడతాయి. అయినా ఏడేళ్ల పిల్లలకు ఇవే మొదట కొనండి. పలచగా ఉంటాయి, తెలుగులోనూ వచ్చాయి. అమ్మమ్మ దగ్గర విన్న కథే కాబట్టి పిల్లలు ఆ ఖాళీలు తామే పూరించుకుంటారు. మహాభారతం 42 భాగాలుగా వచ్చి, తర్వాత మూడు పెద్ద సంపుటాలుగా కట్టారు. ఇంట్లో ఒక్కటే సెట్టు పెట్టుకునే వీలుంటే అది పెట్టుకోండి.

ఒక్క విషయం మాత్రం పిల్లలతో మాట్లాడాలి. ఈ బొమ్మల్లో రాక్షసులు చాలాసార్లు నల్లగా, వికారంగా ఉంటారు. రాజకుమార్తెలు తెల్లగా, గులాబీ బుగ్గలతో ఉంటారు. మా పెద్దమ్మాయి చామనఛాయ. ఆరేళ్లప్పుడు ఒక పేజీ చూపించి "నల్లగా ఉన్నవాళ్లందరూ చెడ్డవాళ్లా?" అని అడిగింది. కృష్ణుడూ ద్రౌపదీ నలుపే కదమ్మా అని వ్యాసుడి మాటే చెప్పాను. ద్రౌపదికి కృష్ణ అనే పేరు అందుకే ఉంది. అడగని పిల్లలకు కూడా ఇది చెప్పి తీరాలి.

పన్నెండేళ్లు దాటిన వాళ్లకైతే 'సీతాస్ రామాయణ' కొనండి. సంహిత ఆర్ని రాస్తే, బెంగాల్ పటచిత్ర కళాకారిణి మొయినా చిత్రకార్ బొమ్మలు వేసింది. చెన్నైలోని తారా బుక్స్ 2011లో వేసింది. అడవిలో వదిలేయబడిన సీత నోటి నుంచి కథ మొదలవుతుంది. మాటలు తక్కువ. దుఃఖమంతా పెద్ద పెద్ద కళ్లలోనూ, చెట్ల వంపులోనూ ఉంటుంది. అమర చిత్ర కథలో రామాయణం చదివిన పిల్ల ఇది చదివితే, తెలిసిన కథనే ఇంకో గుమ్మంలోంచి చూస్తుంది.

అమృతా పాటిల్ 'ఆదిపర్వ' (2012), 'సౌప్తిక' (2016) పిల్లలకు కావు. మొదటిది గంగ చెబుతుంది, రెండోది అశ్వత్థామ. ఒక్కో పేజీ ఒక్కో వర్ణచిత్రం, భాష బరువు. కాలేజీ పిల్లలకూ, భారతం మీద ప్రేమ ఉన్న పెద్దవాళ్లకూ ఇవ్వండి. నేను 'సౌప్తిక' రెండుసార్లు చదివాను. ఆ మానని గాయం మోస్తూ తిరిగే మనిషి కథ చెబుతున్నాడన్న ఎరుక ప్రతి పేజీ మీదా మచ్చలా కనిపిస్తూనే ఉంటుంది.

జపాన్ మాంగా చిత్రకారుడు ఒసాము తెజుకా 'బుద్ధ' కూడా ఈ వయసు వాళ్లకే. 1972 నుంచి 1983 దాకా గీశాడు, ఇంగ్లీషులో ఎనిమిది సంపుటాలు. మొదటి సంపుటం అంతా తిరగేసినా సిద్ధార్థుడు పుట్టడమే తప్ప కథలో పెద్దగా కనిపించడు. దిగువ కులాల పిల్లలే అక్కడ నాయకులు. హింస ఉంది, నగ్నత్వం ఉంది. పదిహేనేళ్ల లోపు వాళ్లకు వద్దు. అమరావతి దాకా వెళ్లి స్తూపం చూసొచ్చిన పెద్ద పిల్లలకు మాత్రం ఇంతకు మించిన కానుక నాకు తోచడం లేదు.

తెలుగే కావాలి అనేవాళ్లకు

ఇక్కడ మనసు చివుక్కుమంటుంది. పెద్ద ఫాంటసీ గ్రాఫిక్ నవలల అరలో తెలుగు చాలా తక్కువ. తెలుగు మీడియం పిల్లల తల్లిదండ్రులు స్టాల్ దగ్గర "తెలుగులో లేవా?" అని అడిగి వెనక్కి వెళ్లిపోవడం ఏటా చూస్తున్నాను. మనకు బొమ్మ గీసేవాళ్లు లేరా అంటే, బుజ్జాయి 'డుంబు' గీసిన భాష ఇది, బాపు గీసిన భాష ఇది.

ఉన్నంతలో నా సలహా పాత చందమామ జానపద సీరియల్స్. చందమామ 1947 జూలైలో మొదలైంది. నాగిరెడ్డితో కలిసి దాన్ని నిలబెట్టిన చక్రపాణి, ఏళ్ల తరబడి సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలి వాళ్లు, అంటే మన పక్క ఊరు వాళ్లే. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'రాకాసిలోయ' లాంటివి ఫాంటసీ కాక మరేంటి? వాటికి చిత్రా వేసిన బొమ్మలు చూడండి. ఇవి కామిక్స్ కావు, బొమ్మలున్న కథలు. కానీ ప్రతి భాగం సరిగ్గా ప్రమాదం అంచున ఆగుతుంది, ఆ అంచునే బొమ్మ ఉంటుంది. పుస్తకాలుగా కూడా వచ్చాయి. ఏలూరు రోడ్డు షాపుల్లో అడిగి చూడండి, లేకపోతే పుస్తకాల పండగలో వెతకండి.

ఇంకో దారి, అసలు మాటలే లేని పుస్తకం. షాన్ టాన్ 'ది అరైవల్', 2006. భార్యనూ కూతురినీ వదిలి పరాయి దేశానికి పనికోసం వెళ్లే ఒక మనిషి కథ. పాత ఫోటోల రంగులో ఉంటుంది. మొదటి పేజీలో చిన్న చిన్న గడులు: కాగితం పక్షి, గడియారం, టోపీ, పిల్ల గీసిన బొమ్మ, సర్దిన పెట్టె. కొత్త దేశంలో జంతువులూ, అక్షరాలూ, తిండీ అన్నీ వింతే. అక్కడి రాత అతనికి ఎంత అర్థం కాదో మనకూ అంతే అర్థం కాదు.

ఇది మా అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ బ్రాడీపేటలో ఉంటుంది, ఇంగ్లీషు రాదు. మా అన్నయ్య అమెరికా వెళ్లి పన్నెండేళ్లు. ఓడ ప్రయాణం దగ్గర ఒక పేజీ జత నిండా మబ్బులు, అరవై చిన్న గడుల్లో అరవై రకాల మబ్బులు. అంతకు మించి ఏమీ లేదు. అమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ గడులు ఒక్కొక్కటే వేలుపెట్టి చూసింది. "ఇన్ని రోజులు పట్టిందన్నమాట" అంది. బొమ్మల కథ చదవడం రాదనుకున్న మనిషి, రెండు గడుల మధ్య కాలాన్ని నాకన్నా బాగా చదివింది.

కొనేటప్పుడు

వరసగా వచ్చే పుస్తకాల్లో మొదటి సంపుటం ఒక్కటే కొనండి. తొమ్మిదీ కట్టగా కొంటే తగ్గుతుంది అంటారు, నిజమే, కానీ పిల్లాడికి నచ్చకపోతే తొమ్మిదీ అటకెక్కుతాయి. 'బోన్' మొత్తం నలుపు తెలుపులో ఒకే పుస్తకంగా కూడా దొరుకుతుంది, 1,300 పేజీలు దాటుతుంది. డబ్బు కలిసొస్తుంది, గీత అందం కూడా అందులోనే బాగా కనిపిస్తుంది. అయితే పదేళ్ల పిల్లాడు పడుకుని చదివితే ముక్కు మీద పడుతుంది. పిల్లలకు రంగుల సంపుటాలు, మీకు ఆ ఒక్క పుస్తకం.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు లోపలి పేజీల ఫోటోలు చూడకుండా ఆర్డర్ పెట్టకండి. "ఇల్లస్ట్రేటెడ్" అన్న మాట ఉంటే ఇంకా జాగ్రత్త. అది కామిక్ అని అర్థం కాదు, ఇరవై పేజీలకో బొమ్మ ఉన్నా ఆ మాట వేస్తారు. నేను ఒకసారి అలా మోసపోయాను, తిరిగి తీసుకోమంటే ఆ అమ్మిన వాళ్లు పలకనే లేదు. మరీ చవగ్గా వస్తే అది జిరాక్సు లాంటి దొంగ కాపీ అయ్యుండొచ్చు. రంగులు అలికినట్టుంటాయి, బెలూన్లలో అక్షరాలు మసకగా ఉంటాయి. నీటిరంగుల 'ఒడిస్సీ'ని అలా చూస్తే గారెత్ హైండ్స్ పడ్డ కష్టమంతా వృథా. పాత పుస్తకాల దగ్గర అయితే మధ్య పేజీలు లెక్కపెట్టండి, పిన్ను ఊడి నాలుగు పేజీలు పోయిన అమర చిత్ర కథలు చాలా ఉంటాయి.

వచ్చే జనవరికి మా లెక్క తయారైంది. చిన్నవాడికి 'బోన్' మూడోది. పెద్దమ్మాయికి గారెత్ హైండ్స్ 'ఇలియడ్', 2019లో వచ్చింది, యుద్ధం ఉంది కాబట్టి నేను ముందు చదివి ఇస్తాను. 'అరైవల్' ఇప్పుడు దాని దగ్గరే ఉంది, స్కూల్లో స్నేహితురాళ్లకు చూపిస్తోంది. అమ్మ రెండు రోజులకోసారి ఫోన్ చేసి అడుగుతోంది, "ఆ మబ్బుల పుస్తకం ఎప్పుడు తెచ్చిస్తావే?" అని.